90 లీటర్ల చెరువు

పోస్టు పెట్టి మూడు నెలలు దాటింది. రొయ్య రేటు గురించి రాయమని, కరెంటు గురించి రాయమని చాలామంది మెసేజులు పెట్టారు. ఇవాళ అవేవీ కాదు. మా హాల్లో పెట్టుకున్న ఉప్పునీటి అక్వేరియం గురించి రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి. పోయిన ఆగస్టులో నేను ఈ పేజీలోనే రాసిన ఒక మాట దిద్దుకోవాలి. ఆ దిద్దుబాటు కూడా ఈ ట్యాంకు వల్లే వచ్చింది.

ఆగస్టులో పెద్ద చెరువు పోయింది, మీకు తెలుసు. తర్వాత ఒక చెరువు లీజుకిచ్చేశాను, రెండోది ఎండగట్టాను. పొద్దున్నే లేచి చెరువు గట్టు మీదకి వెళ్ళే అలవాటున్నవాడికి ఇంట్లో కూర్చోవడం ఎంత నరకమో మన రైతులకి చెప్పక్కర్లేదు. టీవీ పెడతాను, కట్టేస్తాను. మా ఆవిడ మీద కసురుకుంటాను. అలాంటి ఒక రోజు మా అమ్మాయి, ఎనిమిదో తరగతి, "నాన్నా, నీకు ఉప్పునీళ్ళ పని వచ్చు కదా, నాకు నీమో చేప పెంచి పెట్టు" అంది. సినిమాలో ఉంటుంది కదా, నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. క్లౌన్ ఫిష్ అంటారు.

నాకు నవ్వొచ్చింది. ఎకరం చెరువులో నాలుగడుగుల నీళ్ళంటే దాదాపు 49 లక్షల లీటర్లు. అలాంటివి 18 ఏళ్ళు చూసినవాడికి గాజు పెట్టె ఒక లెక్కా అనుకున్నాను.

ట్యాంకు రెండున్నర అడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అంతే ఎత్తు. నిండా పోస్తే 110 లీటర్లు పడుతుంది. అడుగున ఇసుక, రాళ్ళు, పైన కాస్త ఖాళీ పోతే నికరంగా 90 లీటర్లు. అందులో ఒకే జాతి, రెండే చేపలు. షాపుల్లో చూస్తాం కదా, నీలంవి, పసుపువి కలిపి పెట్టిన ట్యాంకులు, అలాంటివి ఇంత చిన్న నీళ్ళలో నిలబడవు. ఒక్కో జాతికి ఒక్కో తిండి, ఒక్కో గుణం. ఒకటి ఇంకోదాన్ని తరిమి తరిమి చంపుతుంది. ఒకే జాతి అయితే దానికి కావల్సినట్టు నీళ్ళు, తిండి, చోటు అమర్చుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే స్టాకింగ్ తగ్గించుకోవడం.

ముందు నీళ్ళు. సముద్రం పక్కనే ఉంది కదా అని కార్తీక మాసంలో డబ్బాలు వేసుకుని పేరుపాలెం బీచికి వెళ్ళాను. పిక్నిక్ జనం నన్ను వింతగా చూశారు. రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే శాలినిటీ 24. సముద్రం అంటే 35 ఉండాలి. గోదారి నీళ్ళు కలిసే తీరంలో వరద కాలం వెళ్ళాక కూడా అలాగే ఉంటుంది, పైగా బురద. ఆ డబ్బాలు అక్కడే ఒంపేసి వచ్చాను.

మరి కళ్ళుప్పు కలిపితే? కుదరదండి. మనం తక్కువ ఉప్పు చెరువుల్లో మెగ్నీషియం, పొటాషియం ఎందుకు చల్లుతాం? ఉప్పదనం ఒక్కటే ఉంటే చాలదు, ఖనిజాలు కావాలి. చేపకీ అంతే. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం వేరే ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియం అన్నీ లెక్క ప్రకారం కలిపినది. లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాములు. మా ట్యాంకుకి 3 కేజీల పైచిలుకు పట్టింది. కలపడానికి మన బోరు నీళ్ళు పనికిరావు, వాటర్ ప్లాంటు నుంచి ఆర్‌ఓ నీళ్ళు తెచ్చుకోవాలి. బకెట్లో ముందురోజు రాత్రే కలిపి గాలి కొట్టి ఉంచాలి. ట్యాంకులో చేప ఉండగా నేరుగా ఉప్పు పొయ్యకూడదు.

రాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. కొంతమంది సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాళ్ళు పెడితే ట్యాంకు బాగుంటుందంటారు. మన దేశంలో పగడాల్నీ, సముద్రపు గుర్రాల్నీ 2001లో వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. తీసినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. నేను ఎండు రాయి, చిల్లులున్న సిరామిక్ ముక్కలు పెట్టాను. చేప కూడా సముద్రంలో పట్టింది వద్దు, హేచరీలో పుట్టిందే అడగండి. మండపంలో సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపని ట్యాంకుల్లోనే గుడ్లు పెట్టించి పిల్లలు తీసే పద్ధతి తెచ్చారు. అలా పుట్టినవి పెల్లెట్ మేత తింటాయి, ట్యాంకుకి త్వరగా అలవాటు పడతాయి.

విజయవాడలో ఒక షాపుకి వెళ్ళాను. షాపాయన చిన్న వయసువాడే. "సార్, చేపలు ఇప్పుడే వద్దు. ట్యాంకు సెట్ చేసి నెలా పది రోజులు ఖాళీగా నడపండి, అప్పుడు రండి" అన్నాడు. నేను ఊరుకున్నానా? "బాబూ, మేం 18 ఏళ్ళ నుంచి నీళ్ళతోనే బతుకుతున్నాం" అన్నాను. ఆయన ఇంకోసారి చెప్పి చూశాడు. రెండు చేపలు తీసుకునే వచ్చాను.

శాలినిటీ 35, పీహెచ్ 8.2, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సీడ్ వదిలేటప్పుడు చేసినట్టే సంచీలోకి కొంచెం కొంచెం ట్యాంకు నీళ్ళు కలుపుతూ గంటసేపు అలవాటు చేసి వదిలాను. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం కూడా ట్యాంకు ముందే తింది.

రోజుకి నాలుగుసార్లు మేత వేశాను. బాగా తిని త్వరగా పెరగాలని. ఇది అమ్ముకునే చేప కాదు, పెరిగితే నాకొచ్చేదేం లేదు. అయినా చెయ్యి ఆగదు, అలవాటు. మూడో రోజు మా అమ్మాయి "నాన్నా, కింద రాయి సందులో మేత మిగిలిపోయింది, తెల్లగా బూజు పట్టింది" అంది. "తింటాయిలే" అన్నాను. ఐదో రోజు రాత్రి చిన్న చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. పొద్దున్నకి అడుగున పడి ఉంది.

చెరువు కిట్టు ఇంట్లోనే ఉంది. అప్పటిదాకా అమ్మోనియా చూడాలని తోచలేదు నాకు. చూస్తే 2 పీపీఎం. పీహెచ్ 8.2 దగ్గర అంత అమ్మోనియా అంటే ఏంటో నాకు తెలుసు. పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషం అవుతుందని మీటింగుల్లో లేచి చెప్పినవాడిని నేనే.

మా అమ్మాయి ఏడుస్తుంటే "షాపువాడు జబ్బు చేప ఇచ్చాడమ్మా" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది నోట్లోంచి. అది ముక్కు తుడుచుకుని "ఆయన నెల ఆగమన్నారు కదా నాన్నా, నువ్వే చెప్పావు మాకు" అంది.

ఆ చచ్చిన చేపని పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టింది. సగం నీళ్ళు మార్చి, రెండో చేపని మర్నాడు సంచీలో వేసుకుని మళ్ళీ విజయవాడ వెళ్ళాను. షాపాయన ఏమీ అనలేదు. "ఉంచండి సార్, మీ ట్యాంకు తయారయ్యాక తీసుకెళ్ళండి" అన్నాడు. ఏమన్నా అనుంటే బాగుండేది.

ఇప్పుడు ఈ "తయారవడం" ఏంటో చెప్తాను, కొత్తగా పెట్టాలనుకునేవాళ్ళు ఇక్కడే పోగొట్టుకుంటారు. చేప విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారానికోసారి నీళ్ళు మారిస్తే సరిపోతుంది. చెరువులో ఈ పనికి మట్టి ఉంది, నీళ్ళ రంగు ఉంది, ఆ పాచి కూడా అమ్మోనియా లాగేస్తుంది. గాజు పెట్టెలో ఏమీ లేదు. ఆ బాక్టీరియా రాళ్ళ మీద, ఫిల్టర్లో మెల్లగా పట్టుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. డబ్బిచ్చినా తొందరపడదు.

నేను ఊరుకోకుండా ఇంట్లో మిగిలిన చెరువు ప్రోబయోటిక్ ఒక చెంచా వేద్దామనుకున్నాను. డబ్బా మీద చదివితే అన్నీ బాసిల్లస్ రకాలు. అవి కుళ్ళుని తింటాయి, ఈ అమ్మోనియా మార్చే పని వాటిది కాదు. జియోలైట్ కూడా ఉప్పునీళ్ళలో పెద్దగా లాగదు. మనం చెరువుల్లో బస్తాలు బస్తాలు చల్లుతాం, దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఖాళీ ట్యాంకులో ఒక చచ్చిన రొయ్య వేశాను, కుళ్ళి అమ్మోనియా రావడానికి. మన వెనామీయే. రోజూ రీడింగ్ రాసుకోవడానికి పుస్తకం కావాలి. బీరువా మీద పెద్ద చెరువు రిజిస్టర్ ఉంది, పంట మధ్యలో ఆగిపోయింది కాబట్టి సగం పేజీలు ఖాళీ. అదే తీసి వెనక పేజీలో రాయడం మొదలుపెట్టాను. ఒకటో వారం అమ్మోనియా పెరిగింది. మూడో వారం తగ్గుతూ నైట్రైట్ ఎక్కింది. ఐదో వారం చివరికి రెండూ సున్నా, నైట్రేట్ 20. ఆ సున్నా చూసినప్పుడు పట్టుబడి రోజు కాటా ముందు నిలబడినట్టే ఉంది నాకు.

ఈ మధ్యలోనే, ఒక రోజు పెన్ను వెతుక్కుంటూ రిజిస్టర్ ముందు పేజీలు తిప్పాను.

మా చెరువు కాపలా బాబాయి ఐదో తరగతి దాకా చదివాడు. పెద్ద పెద్ద అక్షరాలు. 74వ రోజు ఎదురుగా "ట్రేలో మిగులు" అని రాసి ఉంది. 75, మళ్ళీ "మిగులు". 76, "మిగులు, మబ్బు". 77, "బాగా మిగులు, చెప్పాను". ప్రతి రోజూ పక్కన మేత గడి నా చేతిరాత. 60 కేజీలు, 65, 70, 75. కౌంటు 60లో ఉంది, 40కి తీసుకెళ్తే రేటు బాగుంటుందని నేనే పెంచుకుంటూ పోయాను. ఆయన నోటితో చెప్పిందీ గుర్తుంది. "బాబూ, ట్రే ఖాళీ అవట్లేదు, రెండు పూటలు ఆపుదాం" అన్నాడు. "తింటాయిలే" అన్నాను.

అదే మాట. అక్షరం తేడా లేదు. మా అమ్మాయితో అన్నదీ అదే.

పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను. ట్యాంకు రీడింగులకి వేరే నోటుబుక్కు కొన్నాను. అది డిసెంబరు. ఇప్పుడు రోహిణి కార్తె. అంటే ఐదు నెలలు పైన ఏమీ చెయ్యలేదు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సంక్రాంతి ముందు చేపని తెచ్చుకున్నాను, దానికి జతగా దానికంటే చిన్నది ఇంకోటి. ఈ చేపల్లో ఒక విచిత్రం ఉంది. అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే జత కట్టాలంటే సైజు తేడా ఉన్నవి తెచ్చుకోవాలి. చిన్నది పెద్దదాని ముందుకొచ్చినప్పుడల్లా ఒళ్ళంతా వణికిస్తుంది. జబ్బేమో అని నేను కంగారుపడ్డాను, అది "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడమట. మా ఆవిడ అది విని చాలాసేపు నవ్వింది. సముద్రంలోలాగా వీటికి ఎనిమోన్ కావాలేమో అని అడుగుతుంటారు. అక్కర్లేదు. మావి ఒక పింగాణీ గిన్నె పక్కన చేరి రాత్రుళ్ళు అక్కడే పడుకుంటున్నాయి.

వేసవి గడ్డుగా నడిచింది. హాల్లో ట్యాంకు వేడి 33 దాకా వెళ్ళింది. వాటికి 26, 27 హాయి. నీళ్ళ మీదుగా చిన్న ఫ్యాను పెడితే 29కి దిగింది. కానీ ఫ్యాను పెడితే నీళ్ళు ఆవిరవుతాయి, రోజుకి రెండు లీటర్లు తగ్గేది. మొదట నేను ఉప్పునీళ్ళే పోసి నింపాను. వారం తిరక్కుండానే శాలినిటీ 38 దాటింది. ఎంత తెలివి తక్కువ పని చూడండి! ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గిన నీళ్ళకి మంచినీళ్ళే పొయ్యాలి. ఉప్పునీళ్ళు వారానికోసారి మార్చేటప్పుడే, నేను 10 లీటర్లు తీసి 10 పోస్తాను. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను, పొద్దున్నే గీత దాకా ఆర్‌ఓ నీళ్ళు. అది మా అమ్మాయి డ్యూటీ. కరెంటు పోతే అని బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి పక్కనే ఉంటుంది. వేడి పెరిగినా, ఉప్పు పెరిగినా నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు, ఇది మనకి కొత్త కాదు. ట్యాంకు నుంచి తీసిన నీళ్ళు మాత్రం చెరువులో, కాలవలో పొయ్యకండి. చేప వద్దనుకుంటే షాపుకివ్వండి, కాలవలో వదలొద్దు.

మే నెలలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది. మా అమ్మాయి వచ్చి లేపింది. "నాన్నా లే, పంపు పెట్టు." లేచి పెట్టాను. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బండి తీసి కాపలా బాబాయి దగ్గరికి వెళ్ళాను.

పక్క మండలంలో వేరే చెరువు చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రిజిస్టర్ తీసుకెళ్ళాను. ఆ పేజీ చూపించాను. చూశాడు. "నా రాతే బాబు" అన్నాడు.

"ఆ రాత్రి నువ్వు ఫోన్ చేశావు కదా బాబాయ్" అన్నాను.

"మూడుసార్లు సేసేను."

"తెలుసు."

చాలాసేపు ఏరియేటర్ల చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత ఆయనే అన్నాడు. "నువ్వు ఫోన్లో రాసేవంట గదా, నేను పడుకున్నానని. మా అల్లుడు సదివి సెప్పేడు. నాలుగు నెల్లు ఎవులూ కాపలాకి పిలవలేదు బాబు. ఆడు పడుకుంటాడంట అనేవోరు." గొంతు పెంచలేదు. నేను డబ్బు తీసి ఇవ్వబోయాను, ఆ నాలుగు నెలలకి. తీసుకోలేదు. "ఎక్కడ రాసేవో అక్కడే రాయి" అన్నాడు.

వచ్చేస్తుంటే మా అమ్మాయి ఎలా ఉందని అడిగాడు. ట్యాంకు సంగతి చెప్పాను. "రెండు సేపలకి ఇంత యవ్వారమా" అన్నాడు. కాసేపాగి, "మేత మిగుల్తందా?" అన్నాడు.

"లేదు బాబాయ్. రోజుకి రెండుసార్లు చిటికెడు. రెండు నిమిషాల్లో తినేసేంతే."

తల ఊపి చెరువు వైపు వెళ్ళిపోయాడు.

కాబట్టి రాస్తున్నాను. పోయిన ఆగస్టులో పెద్ద చెరువు పోయినప్పుడు, కాపలా మనిషి నిద్రపోయి ఏరియేటర్లు వెయ్యలేదని ఈ పేజీలో రాశాను. అది అబద్ధం. ఆ రాత్రి నేను పెళ్ళి నుంచి వచ్చి ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. ఆయన 1:40కి, 1:55కి, 2:10కి ఫోన్ చేశాడు. ఆ మిస్డ్ కాల్స్ పొద్దున్నే చూశాను, ఎవరికీ చెప్పలేదు. పక్క చెరువు రైతు వచ్చి తలుపు కొడితే నాలుగింటికి లేచాను. నేను వెళ్ళేసరికి నాలుగు ఏరియేటర్లూ తిరుగుతున్నాయి, షెడ్డులో ఉన్న ఆక్సిజన్ గుళికలు అన్నీ ఆయన చల్లేశాడు. రొయ్యలు అప్పటికే పైకి తేలిపోయాయి. రెండు రోజుల మబ్బు, అడుగున నాలుగు రోజుల మేత. ఆ మేత నేను వేయించింది, ఆయన వద్దన్నాడు.

ఆ పోస్టు కింద చాలామంది ఆయన్ని తిడుతూ రాశారు. నేను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు, కొన్నిటికి లైకు కూడా కొట్టాను. ఆ పోస్టు తీసెయ్యట్లేదు. తీసేస్తే చదివినవాళ్ళకి పాత మాటే గుర్తుంటుంది. దాని పైన ఈ పోస్టు లింకు పెడుతున్నాను. మా చుట్టుపక్కల మండలాల రైతులు ఎవరైనా ఆయన్ని ఆ కారణంగా వద్దనుకుని ఉంటే, దయచేసి ఇది చదవండి. ట్రే చూసి ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి ఆయన.

ట్యాంకు గురించి డౌట్లు ఉంటే కింద అడగండి, సాయంత్రం చూసి చెప్తాను. ఇప్పుడు ఆయన అల్లుడికి ఫోన్ చెయ్యాలి, ఇది చదివి వినిపించమని.